సాలీడు పెట్టెలో పిలవని చుట్టాలు

రాత్రి పూట టార్చ్ వేసి చూస్తే గాజు పెట్టెలో బెరడు మీద పెద్ద సాలీడు కదలకుండా కూర్చుని ఉంటుంది. కాళ్ల మీద నీలి రంగు, వాటి నడుమ పసుపు మచ్చలు. కాళ్లు చాచితే 15 సెంటీమీటర్లు దాటే జీవి అది. పెంచుతున్న మనిషి కళ్లు మాత్రం ఆ రాత్రి సాలీడు మీద లేవు. నీళ్ల గిన్నె అంచున సన్నటి తెల్లటి చుక్కలు కనిపించాయి. ఉప్పు రాలిందేమో అనుకునేలోపే ఒక చుక్క నడిచింది. పక్కనున్నదీ నడిచింది.

ఇంట్లో పురుగు కనిపిస్తే చేయి ముందుగా పోయేది స్ప్రే డబ్బా మీదికే. బొద్దింకకైనా, దోమకైనా, చీమలకైనా మనం చేసేది అదే. కానీ ఇక్కడ ఆ పని చేస్తే ముందు చచ్చేది తెల్ల చుక్కలు కాకపోవచ్చు, సాలీడే కావచ్చు. చంపాల్సిన జీవీ, కాపాడాల్సిన జీవీ ఒకే వంశానికి చెందినవి కావడమే టరాంటులా పెంపకంలో అసలు చిక్కు.

గుత్తి నుంచి గాజు పెట్టెకు

ఆ నీలి సాలీడు మన నేలదే. 1899లో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో పనిచేస్తున్న రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్ దీన్ని వర్ణించి, పోయెసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టారు. ఆయనకు అందిన నమూనా అనంతపురం జిల్లా గుత్తిలో, రైల్వే కలప నిల్వ చేసే చోట దొరికింది. అందుకే ఇంగ్లిషులో దీన్ని ఇప్పటికీ గుత్తి పేరుతోనే పిలుస్తారు. ఆ తర్వాత వందేళ్లకు పైగా ఇది ఎవరికీ కనిపించలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ దొరికింది. దాని అసలు ఇల్లు గుత్తి కాదనీ, కలపతో పాటు రైలెక్కి అక్కడికి చేరి ఉంటుందనీ శాస్త్రవేత్తల అంచనా. అది బతికే అడవి చిన్నది, పైగా ముక్కలైపోతోంది. దాంతో 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య దీన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది.

సొంత అడవిలో ఇంత అరుదైన జీవి యూరప్, అమెరికాల్లోని పెంపకందారుల ఇళ్లలో తరతరాలుగా పిల్లలు పెడుతోంది. ఒక్క ఇంట్లో నల్లులో ఈగలో పెరిగితే మహా అయితే ఒక సాలీడు పోతుందని అనిపించవచ్చు. కానీ చిన్న చిన్న పెట్టెల్లో వందలాది సాలీళ్లను పక్కపక్కనే పెంచే చోట, విషం మీద పరిశోధనల కోసం వాటిని ఉంచే ప్రయోగశాలల్లో ఒక పెట్టెలో మొదలైంది మిగతా అన్నింటికీ పాకుతుంది.

చెట్టు తొర్రలో లేని సమస్య

అడవిలో ఈ సాలీడు చెట్టు తొర్రలో ఉంటుంది. రాత్రి బయటికొచ్చి పురుగును పట్టుకుంటుంది. దాని మీద జీర్ణరసాలు వదిలి, కరిగిన మాంసాన్ని పీల్చుకుని, మిగిలిన పిప్పిని ముద్ద చేసి పారేస్తుంది. ఆ ఎంగిలి ముద్ద తొర్ర కింద పడీ పడకముందే చీమలు ఎత్తుకుపోతాయి. చీమలకు చిక్కకుండా మిగిలింది ఎండకు ఎండుతుంది, గాలికి కొట్టుకుపోతుంది.

గాజు పెట్టెలో ఇవేవీ లేవు. అడుగున తడి కొబ్బరి పొట్టు, పైన మూత, లోపల వెచ్చదనం. ఎంగిలి ముద్ద పడిన చోటే కుళ్లుతుంది. దాని మీద బూజు పడుతుంది. బూజు తినే జీవులు, కుళ్లు తినే జీవులు వాసన పట్టి వస్తాయి. వీటిలో చాలావాటికి సాలీడుతో పనే లేదు. అవి వచ్చింది తిండి కోసం, తడి కోసం. ఈ సంగతి అర్థమైతే సగం పరిష్కారం దొరికినట్టే.

ఎవరు ఎవరో గుర్తుపట్టడం

తెల్లగా, చిన్నగా, కదిలే ప్రతిదీ శత్రువు కాదు. చేతిలో ఒక భూతద్దం ఉంటే చాలావరకు తేల్చేయవచ్చు.

గుండ్రంగా, అర మిల్లీమీటరు కంటే పెద్దగా లేకుండా, నెమ్మదిగా పాకుతుంటే అవి నల్లులు. మంచంలో ఉండే నల్లి కాదు. మిరప తోటలో ఆకు ముడుచుకుపోతే రైతు ‘నల్లి పట్టింది’ అంటాడే, ఆ కుటుంబానివి. వీటికి ఎనిమిది కాళ్లు. అంటే ఇవి కీటకాలు కావు, సాలీడుకే దూరపు బంధువులు. పెట్టెల్లో ఎక్కువగా కనిపించేవి పాత పిండిలో, తవుడులో పెరిగే రకాలు. మామూలుగా ఇవి సాలీడును తినవు. కానీ సంఖ్య విపరీతంగా పెరిగితే సాలీడు నోటి దగ్గర, కీళ్ల దగ్గర, పొట్ట కింద ఊపిరితిత్తుల చీలికల దగ్గర గుంపు కడతాయి. టరాంటులాకు పుస్తకం పేజీల్లా పొరలు పొరలుగా ఉండే ఊపిరితిత్తులు రెండు జతలుంటాయి. గాలి లోపలికి వెళ్లేది ఆ చీలికల గుండానే. తడిగా ఉండే ఆ చోట నల్లులు చేరితే సాలీడు స్థిమితంగా ఉండలేదు.

కొంచెం పొడవుగా ఉండి, వేలితో కదిలించగానే టపీమని ఎగిరితే అవి స్ప్రింగ్‌టెయిల్స్. వీటి పొట్ట కింద మడిచి పెట్టుకున్న చిన్న కొక్కెం ఉంటుంది. దాన్ని నేలకేసి కొట్టి గాల్లోకి లేస్తాయి. ఇవి బూజును తింటాయి, సాలీడు జోలికి పోవు. నిజానికి ఇవి ఉండటమే మేలు.

పూలకుండీ దగ్గర ఎగిరే సన్నటి నల్ల దోమల్లాంటివి కనిపిస్తే అవి ఫంగస్ నాట్స్. వీటి కాళ్లు, మీసాలు పొడుగు. మట్టిలో ఉండే వీటి పిల్లపురుగులకు మెరిసే నల్లటి తల ఉంటుంది. చూడ్డానికి చికాకే తప్ప ప్రమాదం లేదు. మట్టి మరీ తడిగా ఉందని చెప్పే గుర్తు అనుకుంటే సరిపోతుంది.

నిజంగా భయపడాల్సింది ఫోరిడ్ ఈగకు. రెండు మూడు మిల్లీమీటర్లుండే ఈ ఈగ వీపు గూనిలా ఉంటుంది. తరిమితే వెంటనే ఎగరదు. గాజు మీద అటూ ఇటూ గబగబా పరుగెత్తుతుంది. దీని పిల్లపురుగు తెల్లగా ఉంటుంది, తల విడిగా కనిపించదు. గోధుమ రంగు ప్యూపా మీద రెండు చిన్న కొమ్ములుంటాయి. వీటిలో ముఖ్యమైనది మెగాసెలియా స్కలారిస్. ప్రపంచమంతా, మన దేశంలోనూ ఉన్న ఈగ ఇది. కుళ్లిన దేన్నయినా తింటుంది. చచ్చిన కీచురాయి, ఎంగిలి ముద్ద, పాడైన పండు, ఏదైనా సరే. ఒంట్లో శక్తి లేని సాలీడు, గాయపడిన సాలీడు, అప్పుడే కుబుసం విడిచిన సాలీడు కనిపిస్తే బతికుండగానే దాని మీద పడగలదు. మెక్సికోలో అడవి టరాంటులాల మీద కూడా ఈ ఈగ పిల్లలు పెరగడాన్ని 2015లో శాస్త్రవేత్తలు నమోదు చేశారు.

ఈ ఈగతో టరాంటులాల పోరు ఎంత పాతదో చెప్పే ఆధారం ఒకటుంది. దక్షిణ అమెరికాకు చెందిన థెరఫోసా బ్లాండీ, ప్రపంచంలోని అతి పెద్ద సాలీళ్లలో ఒకటి. దీని పొట్ట మీద దురద పుట్టించే నూగు ఉంటుంది. గుడ్ల సంచి అల్లేటప్పుడు ఆడ సాలీడు ఆ నూగును రాల్చి పట్టులో కలిపి అల్లుతుంది. ఎందుకా అని శామ్యూల్ మార్షల్, జార్జ్ యూట్జ్ పరీక్షించారు. నూగు కలిసిన పట్టును దాటి వెళ్లలేక ఫోరిడ్ ఈగ పిల్లలు ఆగిపోతున్నాయని 1990లో ప్రచురించారు. మన గుత్తి సాలీడుకు, మొత్తంగా ఆసియా, ఆఫ్రికా టరాంటులాలకు ఈ నూగు లేదు. ఆ కవచం లేని జీవిని పెట్టెలో పెట్టినప్పుడు కాపలా బాధ్యత పెట్టిన మనిషిదే.

మందు ఎందుకు పనికిరాదు

ఇళ్లలో వాడే పురుగుమందుల్లో ఎక్కువ భాగం పైరిథ్రాయిడ్లు. దోమల కాయిల్, గోడకు తగిలించే ద్రవం, చీమల కోసం గీసే సుద్దముక్క, బొద్దింకల స్ప్రే, చాలావాటిలో ఉండేది ఇవే. నరాల్లో సంకేతం ప్రయాణించాలంటే సోడియం అయాన్లు వెళ్లే సన్నటి ద్వారాలు తెరుచుకుని, వెంటనే మూసుకోవాలి. పైరిథ్రాయిడ్లు వాటిని మూసుకోనివ్వవు. నరం ఆగకుండా మోగుతూనే ఉంటుంది. జీవి వణికి, పట్టు తప్పి చచ్చిపోతుంది. మన శరీరం ఈ మందును త్వరగా విరిచేస్తుంది కాబట్టి మనకు అంత హాని ఉండదు. ఈగకూ, నల్లికీ, సాలీడుకూ ఆ వెసులుబాటు లేదు. ఈ మూడూ ఆర్థ్రోపోడా వర్గానివే. మందుకు వాటి మధ్య తేడా తెలియదు.

కుక్కకు గోమార్లు పోవడానికి రాసే మందులదీ ఇదే కథ. వాటిలో వాడే ఫిప్రోనిల్ నరాల్లోని మరో రకం ద్వారాన్ని దెబ్బతీస్తుంది. కుక్కకు మందు రాసిన చేత్తో సాలీడు పెట్టె తెరవడం కూడా ప్రమాదమే. సాలీడు ఉన్న గదిలో దోమల మందు పెట్టకపోవడం, బయట స్ప్రే కొట్టిన గడ్డిలో పట్టిన మిడతను ఆహారంగా వేయకపోవడం అనుభవమున్న పెంపకందారులు పాటించే మొదటి నియమాలు.

చిన్న ఒంటికి ఎండే గండం

విషం పనికిరానప్పుడు చేతిలో మిగిలిన ఆయుధం ఏది? సైజు తేడా.

సులువుగా ఉండటానికి నల్లిని అర మిల్లీమీటరు ఘనం అనుకుందాం. టరాంటులాను 50 మిల్లీమీటర్ల ఘనం అనుకుందాం. నల్లి ఉపరితలం ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్లు, ఘనపరిమాణం 0.125 ఘన మిల్లీమీటర్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 12. సాలీడుకు ఇదే లెక్క కడితే 0.12. అంటే ఒంట్లో ఉన్న నీటితో పోల్చినప్పుడు, గాలికి తెరిచి ఉన్న చర్మం నల్లికి వంద రెట్లు ఎక్కువ. నీరు ఒంట్లో నిల్వ ఉండేది ఘనపరిమాణాన్ని బట్టి. ఆవిరైపోయేది ఉపరితలాన్ని బట్టి. తడిగుడ్డను ఉండచుట్టి పడేస్తే రోజంతా ఆరదు, దండెం మీద పరిస్తే గంటలో ఆరుతుంది. ఇదీ అంతే. పైగా సాలీడు చర్మానికి మైనపు పూత ఉంటుంది. నల్లి చర్మం పలచన.

పిండిలో పెరిగే నల్లులు తాగడానికి నీటి బొట్టు వెతుక్కోనక్కర్లేదు. గాలిలోని తేమనే ఒంట్లోకి లాక్కుంటాయి. అది సాధ్యం కావాలంటే గాలిలో తేమ సుమారు 65 నుంచి 70 శాతానికి పైన ఉండాలి. అంతకంటే తగ్గితే వాటి లెక్క తలకిందులవుతుంది. లోపలికి వచ్చే నీటికంటే పోయేది ఎక్కువై, గుంపు తగ్గిపోతుంది. మన అమ్మమ్మలు వానాకాలం ముందు పప్పులూ పిండీ ఎండలో పోయడం వెనక ఉన్న సూత్రం కూడా ఇదే.

అయితే ఈ ఆయుధానికి రెండో అంచు ఉంది. సాలీడు కాళ్లను లోపలికి ముడవడానికి కండరాలున్నాయి కానీ, ముఖ్యమైన కీళ్లలో చాచడానికి కండరాలు లేవు. శరీరంలోని ద్రవాన్ని కాళ్లలోకి ఒత్తిడితో పంపి చాచుతుంది. జేసీబీ చేయి నూనె ఒత్తిడితో లేచినట్టు. ఒంట్లో నీరు బాగా తగ్గితే ఆ ఒత్తిడి తగ్గి కాళ్లు పొట్ట కిందికి ముడుచుకుపోతాయి. చచ్చిన సాలీడు కాళ్లు ముడుచుకుని ఉండటానికి కారణం ఇదే. కాబట్టి నల్లుల కోసం పెట్టెను ఎండబెట్టే మనిషి నీళ్ల గిన్నెను మాత్రం ఎండనివ్వకూడదు. మట్టి పొడిగా ఉండాలి, గాలి ఆడుతూ ఉండాలి, గిన్నెలో శుభ్రమైన నీరు ఉండాలి. సాలీడు దాహమైతే గిన్నె దగ్గరికి నడిచి వెళ్లగలదు. చెల్లాచెదురుగా ఉన్న వేలాది నల్లులకు మాత్రం గిన్నె అంచు చాలదు.

ఇక్కడ జాతిని బట్టి జాగ్రత్త మారుతుంది. ఎడారి నుంచి వచ్చిన రకాలు వారాల తరబడి పొడిని తట్టుకుంటాయి. వర్షారణ్యాల రకాలు, గోరంత పిల్ల సాలీళ్లు అంత తట్టుకోలేవు. పిల్ల సాలీడు కూడా చిన్న ఒళ్లే కదా, పై లెక్క దానికీ వర్తిస్తుంది.

చేయాల్సిన పని

నల్లులు కొద్దిగా ఉంటే పొడి పెట్టెలో ఒక మూల తడిపిన కాగితం ముక్క పెడితే చాలు. చుట్టూ ఎండిపోతుంటే నల్లులన్నీ ఆ తడి దగ్గరికే చేరతాయి. ఆ కాగితాన్ని రోజూ తీసి పారేసి కొత్తది పెట్టాలి. గుంపు పెద్దదైతే సాలీడును వేరే డబ్బాలోకి మార్చక తప్పదు. పొడి కాగితం పరిచి, నీళ్ల గిన్నె పెట్టి అక్కడ ఉంచుతారు. పాత మట్టి మొత్తం పారేస్తారు. పెట్టెను మరిగే నీటితో కడిగి బాగా ఆరబెడతారు. సబ్బులూ ఫినాయిలూ వాడరు.

గుత్తి సాలీడును మార్చడం మాత్రం తేలిక పని కాదు. ఇది మెరుపులా కదులుతుంది. కాటు వేస్తే కండరాలు పట్టేసి తీవ్రమైన నొప్పి రోజుల తరబడి వేధించవచ్చు. చేత్తో ముట్టుకోకుండా, అది దాక్కున్న బెరడు గొట్టంతో సహా డబ్బాలోకి దించడమే పద్ధతి.

ఫోరిడ్ ఈగల విషయంలో లక్ష్యం వేరు. వెచ్చటి గదిలో గుడ్డు నుంచి ఈగ కావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆ గొలుసును తెంచాలంటే అంతకాలం పాటు పెట్టెలో కుళ్లేది ఏదీ దొరకకూడదు. ఎంగిలి ముద్దను మర్నాడే పొడవాటి చిమటాతో తీసేయాలి. సాలీడు తినని కీచురాయిని అదే రోజు బయటికి తీయాలి. గాలి రంధ్రాలకు చాలా సన్నటి జాలీ వేయాలి. పెట్టె బయట ఒక గిన్నెలో వెనిగర్ పోసి ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు కలిపితే ఈగలు వాసనకు వచ్చి పడతాయి. సబ్బు లేకపోతే నీటి తలతన్యత వల్ల ఈగ నీటిపై నిలబడగలదు. సబ్బు ఆ పొరను బలహీనం చేస్తే మునిగిపోతుంది.

చాలామంది మరిచిపోయే చోటు మరొకటి ఉంది. సాలీడు ఆహారం కోసం పెంచే కీచురాళ్ల డబ్బా. తవుడు, క్యారెట్ ముక్కలు, చచ్చిన కీచురాళ్లు, తేమ. నల్లులకూ ఈగలకూ ఇంతకంటే మంచి ఇల్లు దొరకదు. కొన్ని నల్లి జాతులకు తిండి కరవైనప్పుడు ఎండను తట్టుకునే ప్రత్యేక దశ ఒకటి ఉంటుంది. ఆ దశలో అవి కీటకాల ఒంటికి అంటుకుని ఊరు మారతాయి. కీచురాయి వీపెక్కి వచ్చిన నల్లి సాలీడు పెట్టెలో దిగుతుంది. మూలం ఆ డబ్బాలో ఉంటే పెట్టెను ఎన్నిసార్లు కడిగినా లాభం లేదు.

వదిలేసిన కీచురాయి కూడా చిన్న ప్రమాదం కాదు. కుబుసం విడిచేటప్పుడు సాలీడు గంటల తరబడి కదలలేదు. కొత్త చర్మం గట్టిపడటానికి రోజులు పడుతుంది, పెద్దవాటికి వారం పైనే. ఆ సమయంలో ఆకలేసిన కీచురాయే సాలీడును కొరుకుతుంది. వేటాడే జీవి ఆహారంగా మారే సమయం అది.

మన వాతావరణంలో టరాంటులాలు పెంచే చోట్ల చీమల బెడద అదనం. దానికి మందు మన వంటింట్లోనే ఉంది. బెల్లం డబ్బాను నీళ్ల పళ్లెంలో పెట్టినట్టు, బల్ల కాళ్లను నీళ్ల గిన్నెల్లో పెడితే చీమలు దాటవు. నీటి మీద దుమ్ము పొర కడితే మాత్రం దాని మీదుగా నడిచి వచ్చేస్తాయి. అందుకే ఆ నీటిని మారుస్తుండాలి.

పురుగును పురుగుతోనే

ఇటీవలి కాలంలో చాలామంది శుభ్రం చేసే పనిని పెట్టెలోని జీవులకే అప్పగిస్తున్నారు. స్ప్రింగ్‌టెయిల్స్ బూజును తింటాయి. తడి రాళ్ల కింద కనిపించే, ముట్టుకుంటే ఉండలా చుట్టుకునే ఐసోపాడ్‌లు ఎంగిలినీ, మలాన్నీ తింటాయి. నల్లులకు మిగిలే తిండి తగ్గుతుంది. చెట్టు తొర్ర కింద చీమలు చేసే పని పెట్టెలో వీటిది. తేమ తగ్గించడానికి వీల్లేని జాతుల పెట్టెల్లో ఈ పద్ధతి మరీ ఉపయోగం.

నల్లులను తినే నల్లి కూడా ఉంది. స్ట్రాటియోలేలాప్స్ సిమిటస్ అనే ఈ వేటనల్లిని గ్రీన్‌హౌస్‌ రైతులు మట్టిలోని తెగుళ్లపై వదులుతారు. పిండినల్లులనూ, ఫంగస్ నాట్ పిల్లలనూ తింటుంది. తిండి అయిపోయాక వాటి సంఖ్య దానంతటదే పడిపోతుంది.

ఏ శుభ్రతకూ లొంగని ఒక సమస్యను మాత్రం విడిగా చెప్పుకోవాలి. సాలీడు తినడం మానేసి, కాలి వేళ్ల మీద నడుస్తున్నట్టు తడబడుతూ, నోటి దగ్గర తెల్లటి జిగురు పదార్థం కనిపిస్తే అది నల్లి కాకపోవచ్చు. నెమటోడ్ అనే సన్నటి నులిపురుగు కావచ్చు. పెంపుడు టరాంటులాల నోటి దగ్గర దొరికిన అలాంటి ఒక కొత్త జాతిని 2022లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు వర్ణించారు. సాలీళ్ల భయం మీద 1990లో వచ్చిన ‘అరాక్నోఫోబియా’ సినిమా నటుడు జెఫ్ డేనియల్స్ పేరు దానికి పెట్టారు. ఇది సోకిన సాలీడు కోరలను కదపలేక ఆకలితో చనిపోతుంది. అలాంటి లక్షణం కనిపించిన పెట్టెను వెంటనే మిగతావాటికి దూరంగా పెట్టడం, దానికి వాడిన చిమటాను మరో పెట్టెలో వాడకపోవడం తప్పనిసరి.

అడవికీ పెట్టెకూ మధ్య

పోయెసిలోథీరియా ప్రజాతి మొత్తాన్ని 2019లో అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం ‘సైటిస్’ రెండో అనుబంధంలో చేర్చారు. మన వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ సైటిస్ జాబితాలోని జీవులను కూడా చట్టం పరిధిలోకి తెచ్చింది. అడవిలో దొరికింది కదా అని తెచ్చి పెట్టెలో పెట్టుకునే జీవి కాదిది. నల్లమలలో దాని తొర్రలున్న పాత చెట్లు నిలబడటమే దానికి అసలైన రక్షణ.

ఇప్పటికే తరాలుగా పెట్టెల్లో పుట్టి పెరుగుతున్న వాటి సంగతి వేరు. వాటికి చీమలు లేవు, గాలి లేదు, మరో చెట్టుకు వెళ్లిపోయే దారి లేదు. నీళ్ల గిన్నె అంచున తెల్ల చుక్క కదిలిన రాత్రి, పెంచే మనిషి చేయాల్సింది స్ప్రే డబ్బా కోసం వెతకడం కాదు. మూత తెరిచి మట్టి తడిని వేలితో చూడాలి. మూలన పడున్న ఎంగిలి ముద్దను తీసేయాలి. నీళ్లు మార్చాలి. మర్నాడు రాత్రి మళ్లీ టార్చ్ వేసి చూడాలి.